భీమవరం కుర్రాడి మందు.. గర్భసంచి క్యాన్సర్‌ని లొంగదీసింది! ఎవరీ యల్లాప్రగడ సుబ్బారావు?

జనవరి 12.. ఈ డేట్ చెప్పగానే భీమవరంలో ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? భోగికి ఇంక ఒకటి రెండు రోజులే. బరులు రెడీ అవుతుంటాయి, లాడ్జిలు ఫుల్, హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరుతుంటాయి. సోషల్ మీడియాలో భీమవరం అంటే పందెం కోళ్లు, రొయ్యల చెరువులు, మర్యాదలు. అంతే.

కానీ అదే జనవరి 12న, 1895లో, అదే ఊళ్లో ఓ పిల్లాడు పుట్టాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ల్యాబ్‌లో పుట్టిన మందుల్లో కనీసం ఒకటి మీ ఇంట్లో ఎవరో ఒకరు వేసుకునే ఉంటారు. గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్ర, బోదకాలు రాకుండా ఊరంతా మింగించే మాత్ర, బామ్మల కీళ్లవాతానికి డాక్టర్ రాసే వారం మాత్ర.. వీటన్నిటి వెనకా ఆయనే ఉన్నారు. ఇంకోటి చాలామందికి తెలీదు. గడ్డ రూపంలో పెరిగే క్యాన్సర్‌ని ఆపరేషన్ లేకుండా, కేవలం మందుతోనే పూర్తిగా తగ్గించడం ప్రపంచంలో మొదటిసారి సాధ్యమైంది ఆయన టీమ్ తయారు చేసిన మందుతోనే. అది కూడా ఆడవాళ్లకి గర్భసంచిలో వచ్చే క్యాన్సర్.

అది చూడ్డానికి ఆయన మాత్రం లేరు.

చదువు ఒంటబట్టని పిల్లాడు

సుబ్బారావు తండ్రి జగన్నాథం గారు రెవెన్యూలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ముందే రిటైర్ అయిపోయారు. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లలు, మనవాడు నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకి కటకట.

సైంటిస్టు అనగానే చిన్నప్పటి నుంచీ ఫస్ట్ ర్యాంకులు అనుకుంటాం కదా. ఇక్కడ సీన్ పూర్తి రివర్స్. 13 ఏళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయాడు. ప్లాన్ ఏంటంటే.. కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించడం! గోదావరి పిల్లాడికి అరటిపళ్ల వ్యాపారం తట్టడంలో వింతేం లేదు గానీ, తల్లి ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపించారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు జబ్బులతో పోతుంటే పుస్తకం మీద మనసెక్కడ నిలుస్తుంది? మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. అదీ మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి. కొడుకుని అంతదూరం పంపి చదివించడానికి వెంకమ్మ గారు ఒంటి మీద బంగారం అమ్ముకున్నారని చెబుతారు.

మద్రాసులో ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివారు. ఆ టైంలో మనసు రామకృష్ణ మిషన్ వైపు లాగింది, సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే డాక్టర్ అవ్వమని మిషన్ వాళ్లే సలహా ఇచ్చారట. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకి స్నేహితులు సాయపడ్డారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడా ఆదుకున్నారు. తర్వాత ఆయనే పిల్లనిచ్చిన మామ అయ్యారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్లి జరిగింది.

కాలేజీలో ఇంకో గొడవ. గాంధీ పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లో కూడా ఖద్దరు గౌనే వేసుకున్నారు. తెల్ల ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే ఒక మెట్టు కింద ఉండే ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. ఆ కాగితంతో ప్రభుత్వ వైద్య ఉద్యోగం రాలేదు.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు

ఆయన జీవితాన్ని తిప్పేసింది మాత్రం ఈ డిగ్రీ గొడవ కాదు. ఇంట్లో వచ్చిన ఓ జబ్బు.

దాని పేరు స్ప్రూ. పేగులు తిండిని ఒంటికి పట్టనివ్వవు. విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. మన లాంటి వేడి దేశాల్లో ఎక్కువ కనిపించే జబ్బు. అప్పట్లో మందు లేదు. సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు ఎనిమిది రోజుల తేడాలో పోయారు. ఆ తర్వాత ఆయనకీ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఇంగ్లిష్ వైద్యం చదివిన కుర్రాడు ఆయుర్వేదంతో కోలుకుని, తర్వాత అదే లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పే ఉద్యోగంలో చేరాడు. ఆ ఆకుల్లో వేళ్లలో అసలు పనిచేసేది ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడే మొదలైంది.

దానికి ల్యాబ్ కావాలి. ల్యాబ్ కావాలంటే అమెరికా వెళ్లాలి. డబ్బు? కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ సాయం చేస్తామంది. మిగతాది మామగారు సర్దారు. మూడేళ్లలో వచ్చేస్తానని భార్యకి మాటిచ్చి 1920ల మొదట్లో ఓడెక్కారు. అప్పటికి శేషగిరి గారు గర్భవతి. పుట్టిన బాబు పసితనంలోనే పోయాడు. తండ్రి బిడ్డని చూడనే లేదు.

ఇక్కడే ఒక విషయం చెప్పేస్తే మంచిది. ఆ మూడేళ్లు ఎప్పటికీ పూర్తి కాలేదు. సుబ్బారావు ఇండియాకి మళ్లీ రాలేదు. శేషగిరి గారు భర్తని మళ్లీ చూడలేదు. ఆయన గురించి వచ్చే వీడియోల్లో ఈ పార్ట్ రెండు సెకన్లలో దాటేస్తారు. మందుల లిస్టు పక్కన ఇది కూడా ఉండాల్సిందే. ఆమె ఏళ్ల తరబడి ఎదురు చూసింది, అది కూడా ఈ కథలో ఖర్చే.

పగలు చదువు.. రాత్రి ఆస్పత్రిలో పని

బోస్టన్‌లో దిగేసరికి జేబు ఖాళీ. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమాలో చేరారు. మన ఎల్ఎంఎస్‌తో అక్కడ డాక్టర్‌గా చేయనివ్వరు కాబట్టి, రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనికి కుదిరారు. బ్రాహ్మణ ఇంట్లో పుట్టి, కాశీలో అరటిపళ్లు అమ్ముదామనుకున్న కుర్రాడు బోస్టన్‌లో బెడ్‌పాన్లు కడిగాడు.

తర్వాత హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారావ్ మెథడ్. మన దగ్గర బయోకెమిస్ట్రీ చదివే స్టూడెంట్స్‌కి ఇప్పటికీ ఈ పేరు తగులుతుంది. చాలామందికి ఆ రెండో పేరు భీమవరానిదని తెలీదు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. ఒంట్లో ప్రతి కణానికీ కరెంటు లాంటిది ఈ ఏటీపీ. కండరం ఎలా పనిచేస్తుందన్న దాని మీద అప్పటిదాకా ఉన్న లెక్క, అదీ నోబెల్ వచ్చిన లెక్క, దీంతో మారిపోయింది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

పర్మినెంట్ పోస్టు మాత్రం రాలేదు. పదిహేనేళ్లకి పైగా అక్కడ పనిచేసినా హార్వర్డ్ ఆయన్ని శాశ్వత ప్రొఫెసర్ని చేయలేదు. తన పేరు తాను చెప్పుకునే అలవాటు ఆయనకి లేదు, పక్కవాళ్లు చెప్పలేదు. ఆయన చేసిన పనిలో కొంత వెలుగులోకి రాక, తర్వాత వేరేవాళ్లు మళ్లీ మొదటి నుంచి కనిపెట్టాల్సి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో బాధపడ్డారు.

1940లో హార్వర్డ్ వదిలేసి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. కొద్దికాలానికే అక్కడ రీసెర్చ్ డైరెక్టర్. చేతి కింద పెద్ద టీమ్, చేతినిండా పని. ఆయన ఎంచుకున్న జబ్బులు చూస్తే మాత్రం, మనిషి పెర్ల్ రివర్‌లో ఉన్నా మనసు గోదావరి జిల్లాల్లోనే ఉందనిపిస్తుంది.

మొదటి టార్గెట్ స్ప్రూ. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బు. దీనికి ముందు కథ ఒకటి బొంబాయిలో ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ డాక్టర్ అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో విపరీతమైన రక్తహీనత చూసి, ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ పెడితే తగ్గుతోందని గమనించారు. అందులో ఏదో ఉంది, ఏంటో తెలీదు. ఆ ఏదో ఫోలిక్ యాసిడ్. 1940ల మధ్యలో సుబ్బారావు టీమ్ దాన్ని విడదీసి, ల్యాబ్‌లో తయారు చేసి చూపించింది. స్ప్రూకి, గర్భిణుల రక్తహీనతకి మందు దొరికింది. ఈరోజు ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చిచ్చే ఎర్ర మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఇదే.

1947లో బోదకాలుకి హెట్రజాన్ వచ్చింది. డీఈసీ మాత్ర అంటే మన ఊళ్లలో తెలుస్తుంది. కాలవలు, చెరువులు, దోమలు.. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంత పాత శత్రువో చెప్పక్కర్లేదు. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ అది. దాన్ని మట్టిలోంచి పట్టింది బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన, ప్రాజెక్టుని నడిపించింది మనాయన.

దొంగ తాళంచెవి

ఇప్పుడు క్యాన్సర్ దగ్గరికొద్దాం.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టర్ ఉండేవారు. రక్త క్యాన్సర్‌తో వచ్చిన పిల్లలు వారాల్లో చనిపోతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చేయలేని రోజులవి. రక్తహీనతకి ఫోలిక్ యాసిడ్ పనిచేస్తోంది కదా, రక్త క్యాన్సర్‌కీ చూద్దామని లెడర్లీ నుంచి తెప్పించి ఇచ్చారు. జరిగింది రివర్స్. జబ్బు ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది.

ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారేమో. ఫార్బర్, సుబ్బారావు దాన్ని తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ యాసిడ్‌తో క్యాన్సర్ కణాలు పెరుగుతున్నాయంటే, అది అందకుండా చేస్తే ఆగాలి కదా! కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అచ్చం దానిలాగే ఉండి పని మాత్రం చేయని పదార్థం ఇస్తే? తాళంలో దొంగ తాళంచెవి విరిగి ఇరుక్కుపోతే అసలు తాళంచెవి దూరదు, తలుపు తెరుచుకోదు. అలాంటిదే ఇది. సుబ్బారావు టీమ్ కెమిస్టులు ఇలాంటివి వరసగా తయారు చేసి బోస్టన్‌కి పంపారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫలితాలు బయటికొచ్చాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. శాశ్వతంగా కాదు, కొన్ని నెలలు. కానీ అప్పటిదాకా ఒక్క నెల కూడా ఎవరూ ఇవ్వలేకపోయారు. ఇప్పుడు మనం కీమో అంటున్నది అడుగులు వేసిన తొలి రోజుల్లో ఇదొకటి. అమినోప్టెరిన్‌కి తమ్ముడు లాంటి మందు, కాస్త తక్కువ ప్రమాదంతో పనిచేసేది, మెథోట్రెక్సేట్. అదీ అక్కడిదే.

ఆ రిపోర్టు వచ్చి రెండు నెలలు తిరిగేసరికి, 1948 ఆగస్టు 8న, సుబ్బారావు నిద్రలోనే పోయారు. గుండె ఆగిపోయింది. వయసు 53. ఇండియాకి స్వాతంత్య్రం వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. చనిపోయేనాటికి ఆయన అమెరికా పౌరుడు కాదు. పెద్దగా ఆస్తి లేదు, నోబెల్ లేదు.

ఆయన పోయాక ఆడవాళ్లకి అందిన వరం

ఎనిమిదేళ్ల తర్వాత.. 1956. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో మిన్ చియు లీ అనే చైనా డాక్టర్, రాయ్ హెర్ట్జ్‌తో కలిసి ఒక రిపోర్టు ఇచ్చారు. జబ్బు పేరు కోరియోకార్సినోమా. గర్భిణిలో బిడ్డకి తిండి అందించే మాయ ఉంటుంది కదా, ఆ మాయ కణాలే దారి తప్పి క్యాన్సర్‌గా మారడం. ముత్యాల గర్భం అంటారే, అది వచ్చినవాళ్లలో ఎక్కువగా చూస్తారు. కాన్పు తర్వాతో, గర్భం పోయిన తర్వాతో కూడా రావచ్చు. ఊపిరితిత్తులకి ఎగబాకిందంటే గర్భసంచి తీసేసినా లాభం లేదు, చాలామంది ఏడాది లోపే పోయేవారు. అంతా బిడ్డల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లు.

లీ వాళ్లకి మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లోని మచ్చలు మాయమయ్యాయి!

లీ ఇంకో పని చేశారు. ప్రెగ్నెన్సీ టెస్టులో కనిపించే హెచ్‌సీజీ హార్మోన్‌ని ఈ క్యాన్సర్ కూడా విడుదల చేస్తుంది. గడ్డ కనపడకపోయినా ఆ హార్మోన్ కొంచెం మిగిలుంటే క్యాన్సర్ ఎక్కడో దాక్కున్నట్టే అని, అది సున్నా అయ్యేదాకా మందు ఆపలేదు. రోగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడంటూ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత చూస్తే.. మందు ముందే ఆపేసినవాళ్లకి జబ్బు తిరగబెట్టింది, లీ పద్ధతిలో పూర్తిగా వాడినవాళ్లు బతికారు. 1972లో ఆయనకీ హెర్ట్జ్‌కీ లాస్కర్ అవార్డు ఇచ్చారు. ఇవాళ ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి 90 మందికి పైగా నయమవుతారు. చాలామంది మళ్లీ పిల్లల్ని కూడా కంటున్నారు.

గర్భం ట్యూబులో నిలిచినప్పుడు ఆపరేషన్ లేకుండా కరిగించడానికి ఇచ్చే ఇంజెక్షన్ కూడా మెథోట్రెక్సేటే. కీళ్లవాతానికి ఇదే మందు చిన్న డోసులో, వారానికి ఒక్కసారి. అన్నట్టు, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా వాడుతుంటే ఒకసారి చూడండి. రోజూ వేసుకునే మాత్రల డబ్బాలో కలిసిపోతే ప్రాణం మీదికొస్తుంది.

అదే గర్భసంచి.. ఇంకో క్యాన్సర్

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మరి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కూడా ఇదే మందా? కాదు. చోటు పక్కపక్కనే అయినా అవి రెండూ వేరు. కోరియోకార్సినోమా అరుదు, మందుకి వెంటనే లొంగుతుంది. ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో ఏటా లక్షా 20 వేల మందికి పైగా ఆడవాళ్లకి వస్తోంది, 75 వేల మందికి పైగా చనిపోతున్నారు. ముదిరాక ఒక్క మందుతో తగ్గదు. రేడియేషన్, దాంతో పాటు సిస్ప్లాటిన్ అనే వేరే కీమో ఇస్తారు.

దీని మూలం ఒక వైరస్ అని సుబ్బారావు కాలంలో ఎవరికీ తెలీదు. ఆయన పోయిన మూడేళ్లకి, 1951లో, అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ ఇదే క్యాన్సర్‌తో చనిపోయారు. ఆమె గడ్డలోంచి, ఆమెకి చెప్పకుండా తీసిన కణాలు ప్రపంచమంతా ల్యాబుల్లో ఇప్పటికీ పెరుగుతున్నాయి. వాటిలో హెచ్‌పీవీ 18వ రకం ఉందని తేలడానికి 30 ఏళ్లకి పైగా పట్టింది. హరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మన్ సైంటిస్ట్ టీమ్ 1983లో 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని పట్టుకుంది. 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది.

హెచ్‌పీవీలో 200కి పైగా రకాలున్నాయి. ఎక్కువ శాతం వచ్చి వాటంతటవే పోతాయి. డజను పైచిలుకు రకాలే ప్రమాదం. ఆ 16, 18 రెండే ప్రపంచంలో 70 శాతం ముఖద్వార క్యాన్సర్లకి కారణం. ఆంధ్రప్రదేశ్‌లో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో కూడా క్యాన్సర్ ఉన్నవాళ్లలో మొదటి స్థానం 16దే, తర్వాత 18. వైరస్ పట్టిన దగ్గర్నుంచి క్యాన్సర్ అవడానికి సాధారణంగా 15-20 ఏళ్లు పడుతుంది. అంటే పట్టుకోవడానికి బోలెడంత టైం ఉంటుంది. అయినా ఈ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్లలో పదిలో తొమ్మిది మంది పేద, మధ్య ఆదాయ దేశాల వాళ్లే.

టీకా ఉంది. మన దగ్గర దాని కథ మాత్రం తప్పటడుగుతో మొదలైంది. 2009లో గోదావరికి ఎగువన, ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల అమ్మాయిలకి ప్రయోగాత్మకంగా వేశారు. కొందరు అమ్మాయిలు చనిపోయారని గొడవైంది, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించిన సంగతీ బయటపడింది. తప్పు టీకాది కాదు, అడక్కుండా వేసినవాళ్లది. భయం మాత్రం టీకా మీదే పడింది, ఏళ్ల తరబడి పోలేదు. 2022లో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ 6, 11, 16, 18 రకాల మీద పనిచేసే దేశీ టీకా సర్వావ్యాక్ తెచ్చింది. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9-14 ఏళ్ల అమ్మాయిలకి ఈ టీకాని ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది.

సుబ్బారావు పేరు ఏ మందు అట్ట మీదా ఉండదు. 1995లో శత జయంతికి ఓ పోస్టల్ స్టాంప్ వేశారు. ఒక రకం శిలీంధ్రానికి సుబ్బరోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. ఆయన పని చూడాలంటే భీమవరం చుట్టుపక్కల ఏ పీహెచ్‌సీ మందుల గదిలోకి తొంగి చూసినా చాలు. ఎర్ర మాత్రలో ఉంది, డీఈసీ మాత్రలో ఉంది. ముఖద్వార క్యాన్సర్ టెస్టు కూడా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లోనే చేయాలన్నది రూలు. 30 దాటిన ఆడవాళ్లకి ఐదేళ్లకోసారి, ఫ్రీగా. వెనిగర్ లాంటి ద్రావణం రాసి ఓ నిమిషం ఆగి చూస్తారు. తెల్లగా మారిన మచ్చ కనపడితే పెద్దాస్పత్రికి పంపిస్తారు.